పంకజ్ వరల్డ్ ఛాంపియన్ అయితే మరి రోనీ ఎవరు? స్నూకర్ టైటిళ్ళ చిక్కు లెక్క

మొన్న అమీర్‌పేటలో మేం ఎప్పుడూ ఆడే స్నూకర్ పార్లర్‌లో ఉన్నాం. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలన్న పాత రూలు. మా వాడొకడు క్యూకి (బంతి కొట్టే కర్రకి) చాక్ రాసుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు. "ఒరేయ్, పంకజ్ అద్వానీ 28 సార్లు వరల్డ్ ఛాంపియన్ అంటారు కదా, రోనీ ఓసలివన్ 7 సార్లేనంట. అంటే మనోడు రోనీకి నాలుగింతలా?"

నవ్వాను గానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మన పంకజ్‌దీ, ఇంగ్లండ్ ఆటగాడు రోనీదీ, వాడు చెప్పిన రెండు అంకెలూ నిజమే, తప్పు పోల్చడంలో ఉంది. పైగా వాడికి తెలియని ఇంకో అంకె కూడా ఉంది: జో డేవిస్ అనే ఆయన 15 సార్లు ఛాంపియన్, జీవితంలో ఒక్కసారి కూడా ఆ టైటిల్ మ్యాచ్ ఓడలేదు. అలాంటప్పుడు 7 రికార్డు ఎలా అవుతుంది? ఇదంతా విప్పాలంటే స్నూకర్లో "వరల్డ్ ఛాంపియన్" అన్న మాటకి ఏ కాలంలో ఏ అర్థం ఉందో చూడాలి. టైటిల్ ఇచ్చిందెవరు, ఆడింది ఎంతమంది, ఆడనివాళ్ళు ఎందుకు ఆడలేదు, ఇవి వదిలేసి ఉత్త అంకెలు పట్టుకుంటే ఎవరినైనా ఎవరికంటే అయినా గొప్పోణ్ణి చేసేయొచ్చు.

ముందు ఆట తెలియనివాళ్ళ కోసం గబగబా నాలుగు ముక్కలు. టేబుల్ దాదాపు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అంటే మన ఇళ్ళల్లో ఒక మామూలు బెడ్‌రూమ్‌లో టేబుల్ పెడితే మనిషి నిలబడటానికి చోటుండదు. ఒక తెల్ల బంతి, దాన్నే క్యూతో కొట్టాలి. 15 రెడ్స్, ఒక్కోటి 1 పాయింట్. ఆరు కలర్స్: పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ 4, నీలం 5, గులాబీ 6, నలుపు 7. ఒక రెడ్‌ని పాకెట్‌లో (టేబుల్ అంచున ఉండే రంధ్రంలో) వేస్తే తర్వాత ఒక కలర్ వేయాలి, ఆ కలర్ తీసి మళ్ళీ దాని చోట పెడతారు, మళ్ళీ రెడ్, మళ్ళీ కలర్. రెడ్స్ అయిపోయాక పసుపు నుంచి నలుపు దాకా వరసగా వేయాలి. ప్రతి రెడ్ తర్వాతా బ్లాకే వేస్తే 15 సార్లు 8 అంటే 120, చివర్లో ఆరు కలర్స్ కలిపి 27, మొత్తం 147. అందరూ చెప్పుకునే "మాగ్జిమం" అదే. వేయడానికి ఏమీ లేనప్పుడు తెల్ల బంతిని ఏదో ఒక కలర్ వెనక దాచేసి అవతలివాడికి దారి మూసేయడం ఉంది చూశారూ, దాన్ని స్నూకర్ చేయడం అంటారు. అవతలివాడు కొట్టాల్సిన బంతిని తాకలేకపోతే కనీసం 4 పాయింట్లు మనకి వస్తాయి. ఈ ఫౌల్ పాయింట్ల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు పుట్టుక. ఇంగ్లండ్ ఆట అనుకుంటాం గానీ పుట్టింది మన దగ్గరే, జబల్పూర్‌లో, 1875లో. అక్కడి ఆర్మీ మెస్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే కుర్ర ఆఫీసర్ ఉండేవాడు (తర్వాత ప్రధాని అయిన చాంబర్లిన్ కాదు, పేరు మాత్రమే ఒకటి). వానాకాలం, బయట పని లేదు, చేతిలో బిలియర్డ్స్ టేబుల్ ఉంది. అప్పట్లో వాళ్ళు పిరమిడ్స్ అని 15 రెడ్ బంతులతో ఒక ఆట, పూల్ అని రంగు బంతులతో ఇంకో ఆట, రెండూ డబ్బులు పెట్టి ఆడేవాళ్ళు. చాంబర్లిన్ చేసిందల్లా ఈ రెండింటినీ కలపడం, రంగు బంతులకి వేర్వేరు పాయింట్లు పెట్టడం. ఎవరో ఒక చేతిదూరం షాట్ మిస్ చేస్తే ఇతను వాణ్ణి "స్నూకర్" అన్నాడట. వూలిచ్‌లోని మిలిటరీ అకాడమీలో మొదటి ఏడాది కుర్రాళ్ళని పిలిచే మాట అది, మన ఇంజనీరింగ్ కాలేజీ భాషలో చెప్పాలంటే జూనియర్ బచ్చా. అన్నాక వాడు బాధపడతాడేమోనని, ఈ ఆటలో మనమందరం స్నూకర్లమే కదా అని సర్దేశాడట. ఆ పేరే ఆటకి అతుక్కుపోయింది.

తర్వాత చాంబర్లిన్ మద్రాసు సైన్యాధిపతి రాబర్ట్స్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. ఎండాకాలం వస్తే మద్రాసు ప్రభుత్వం మొత్తం ఊటీకి ఎక్కేసేది, ఆయనా వెళ్ళేవాడు. ఊటీ క్లబ్‌లో ఆట రూల్స్ రాసి బిలియర్డ్స్ రూమ్ గోడకి పెట్టింది 1882లో. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీ కిందే ఉండేవి, కాబట్టి రూల్స్ పుట్టింది మన పాత రాజధాని వేసవి విడిదిలో అని కొంచెం కాలర్ ఎగరేసుకోవచ్చు, కాకపోతే ఆ గదిలోకి మనవాళ్ళని క్యూ మోయడానికి తప్ప రానిచ్చి ఉండరు. 1885లో బిలియర్డ్స్ ఛాంపియన్ జాన్ రాబర్ట్స్ (సైన్యాధిపతి రాబర్ట్స్ కాదు) కలకత్తా వచ్చి, కూచ్ బెహార్ మహారాజు విందులో చాంబర్లిన్‌ని కలిసి, రూల్స్ తెలుసుకుని ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. విచిత్రం ఏంటంటే ఈ కథ అంతా చాలా ఏళ్ళు ఎవరికీ సరిగా తెలియదు. ఆటని కనిపెట్టింది ఫలానావాళ్ళు అని ఎవరెవరో రాస్తూ ఉంటే, ముసలి చాంబర్లిన్ 1938లో ఒక పత్రికకి ఉత్తరం రాసి ఇది నాది అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో మాత్రం స్నూకర్‌ని చాలాకాలం పట్టించుకోలేదు. బిలియర్డ్సే అసలు ఆట, ఇది ఏదో కాలక్షేపం. దాన్ని మార్చింది బిలియర్డ్స్‌లోని గొప్పతనమే అని నాకనిపిస్తుంది. బిలియర్డ్స్ ప్రొఫెషనల్స్ ఎంత బాగా ఆడటం మొదలుపెట్టారంటే చూసేవాళ్ళకి పిచ్చెక్కిపోయేది. 1932లో ఆస్ట్రేలియావాడు వాల్టర్ లిండ్రమ్ లండన్‌లో ఒకే బ్రేక్‌లో (అవతలివాడికి వంతు ఇవ్వకుండా వరసగా) 4137 పాయింట్లు కొట్టాడు. అవతల కుర్చీలో కూర్చుని చూస్తున్నది ఎవరో కాదు, జో డేవిస్. టికెట్ కొన్నవాడి సంగతి ఆలోచించండి, గంటల తరబడి ఒకే మనిషి మూడు బంతులతో అవే చిన్న చిన్న తాకుళ్ళు. స్నూకర్లో ఆ బాధ లేదు, ఎంత బాగా ఆడినా బంతులు అయిపోతాయి, ఫ్రేమ్ (బంతులన్నీ అమర్చి ఆడే ఒక ఆట) ముగుస్తుంది, అవతలివాడు లేచి వస్తాడు.

జో డేవిస్‌కి ఇది అందరికంటే ముందే అర్థమైంది. బర్మింగ్‌హామ్‌లో బిల్ కామ్కిన్ అనే హాల్ యజమానితో కలిసి, బిలియర్డ్స్ సంఘాన్ని ఒప్పించి, మొదటి ప్రొఫెషనల్ స్నూకర్ ఛాంపియన్‌షిప్ పెట్టించాడు. ఫైనల్ 1927లో కామ్కిన్ హాల్లోనే, టామ్ డెనిస్ మీద 20–11తో జో గెలిచాడు. బహుమతి 6 పౌండ్ల 10 షిల్లింగులు. ఇక్కడ స్కోరు చూసి తికమకపడేవాళ్ళున్నారు: మొత్తం 31 ఫ్రేములు, 16 గెలిస్తే చాలు కదా, 20 ఎందుకు అయింది? ఎందుకంటే ఫలితం తేలిపోయినా మిగిలిన ఫ్రేములు ఆడేసేవాళ్ళు. టికెట్లు అమ్ముకున్నారు మరి, జనాన్ని వెనక్కి పంపుతారా? 1946 ఫైనల్ అయితే 145 ఫ్రేములు, జో 78–67తో హోరేస్ లిండ్రమ్ (4137 కొట్టిన వాల్టర్ కాదు) మీద గెలిచాడు. ఇప్పటి ఫైనల్ 35 ఫ్రేములకే రెండు రోజులు పడుతుందంటే అది ఎన్ని రోజులు సాగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

జో 15 టైటిళ్ళ లెక్క కూడా ఇక్కడే విప్పాలి. 1927 నుంచి 1940 దాకా 14, యుద్ధం వల్ల ఆగిపోయి 1946లో ఇంకోటి. గొప్పోడే, అందులో అనుమానం లేదు. కానీ 1931లో మొత్తం పోటీకి వచ్చిందే ఇద్దరు: జో, మళ్ళీ అదే టామ్ డెనిస్. ఒక్క మ్యాచ్, అదే ఫైనల్, 25–21. ఆ ఒక్క మ్యాచ్ గెలిచి వరల్డ్ ఛాంపియన్. ఎవరూ ఆ టైటిల్ మీద వేలెత్తరు, జాబితాలో నిక్షేపంగా ఉంటుంది.

ఇప్పుడు 1952కి రండి. ఆటగాళ్ళకీ బిలియర్డ్స్ సంఘానికీ డబ్బుల దగ్గర గొడవ వచ్చింది, ప్రొఫెషనల్స్ దాదాపు అందరూ సంఘం పోటీని బాయ్‌కాట్ చేశారు. సంఘం వెనక్కి తగ్గలేదు. వచ్చిన ఇద్దరినే, హోరేస్ లిండ్రమ్‌నీ న్యూజిలాండ్‌కి చెందిన క్లార్క్ మెకానకీనీ పెట్టి ఆడించింది, లిండ్రమ్ 94–49తో గెలిచాడు. ఇతను కూడా జాబితాలో ఉన్నాడు గానీ ఇతని పేరు చెప్పినప్పుడల్లా "కానీ..." అని ఒక మాట కలుపుతారు. 1931లోనూ ఇద్దరే, 1952లోనూ ఇద్దరే. తేడా ఏంటంటే మొదటిసారి మిగతావాళ్ళు రాలేదు, రెండోసారి కావాలని రాలేదు. నన్నడిగితే లిండ్రమ్‌కి కొంచెం అన్యాయమే జరిగింది. కాకపోతే ఆ ఏడాది నిజంగా ఎవరు గొప్ప అంటే అతనని మాత్రం నేనూ చెప్పను.

బాయ్‌కాట్ చేసినవాళ్ళు సొంతంగా ఇంకో పోటీ పెట్టుకున్నారు, మ్యాచ్‌ప్లే ఛాంపియన్‌షిప్ అని. దాన్ని జో తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ 1952 నుంచి 1956 దాకా వరసగా 5 సార్లు గెలిచాడు. అంతకుముందు సంఘం టైటిల్ 3 సార్లు గెలిచాడు కాబట్టి కొందరు 8 అంటారు, కొందరు 3 అంటారు. రెండూ తప్పు కాదు, మీరు ఏ పక్షం అన్నదాన్ని బట్టి. 1957లో జాన్ పుల్మన్ గెలిచాక అసలు పోటీయే ఆగిపోయింది. 1958 నుంచి 1963 దాకా స్నూకర్‌కి వరల్డ్ ఛాంపియన్‌షిప్ అనేదే లేదు, ఆరేళ్ళు!

ఎందుకు ఆగిపోయింది అంటే చాలా కారణాలు చెప్తారు, అందులో నాకు నచ్చేది జో నీడ. ఆయన 1946 తర్వాత ఛాంపియన్‌షిప్ ఆడటం మానేశాడు గానీ ఆట మానలేదు, ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడుతూనే ఉన్నాడు, 1955లో 147 కూడా కొట్టాడు, అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి మాగ్జిమం అదే. జనానికి తెలుసు అసలు మొనగాడు ఎవరో. ఆయన లేని పోటీలో గెలిచినవాణ్ణి ఛాంపియన్ అంటే ఎవరు టికెట్ కొంటారు? 1964లో మళ్ళీ మొదలైంది గానీ టోర్నమెంట్‌గా కాదు, బాక్సింగ్‌లో లాగా ఛాలెంజ్ పద్ధతిలో. టైటిల్ పుల్మన్ దగ్గర ఉంది, ఎవరైనా సవాలు చేస్తే ఆడతాడు. 1968 దాకా ఇలా ఏడు మ్యాచ్‌లు నిలబెట్టుకున్నాడు, పాత మ్యాచ్‌ప్లేతో కలిపితే ఇతనికీ 8. సవాలు చేసింది ఎక్కువగా తిరిగి తిరిగి అవే రెండు మూడు మొహాలు.

అందుకే చరిత్రకారులు 1969 దగ్గర ఒక గీత గీశారు. ఆ ఏడాది నాకౌట్ టోర్నమెంట్ మళ్ళీ వచ్చింది, జాన్ స్పెన్సర్ గెలిచాడు. ఈ గీత తర్వాతదే "ఆధునిక కాలం". 1990ల్లో గెలిచిన స్టీవెన్ హెండ్రీ 7, రోనీ 7 రికార్డు అన్నప్పుడు ఆ మాట వెనక ఈ గీత ఉందని అర్థం. గీత చెరిపేస్తే జో 15తో పైకి లేస్తాడు.

అదే 1969లో ఇంకోటి జరిగింది, స్నూకర్ చరిత్రలో జబల్పూర్ తర్వాత అంత ముఖ్యమైనది. బీబీసీలో కలర్ టీవీ వస్తోంది, రంగులు చూపించడానికి చవకైన కార్యక్రమం కావాలి. స్నూకర్ కంటే ఏం కావాలి? చిన్న చోటు, ఒకే లైటు, ఆకుపచ్చ బట్ట మీద రంగురంగుల బంతులు. అలా "పాట్ బ్లాక్" మొదలైంది, ఒక్కో మ్యాచ్ ఒక్క ఫ్రేమే. దాన్ని ఓకే చేసిన వాళ్ళలో డేవిడ్ అటెన్‌బరో ఒకరు, అవును, జంతువుల డాక్యుమెంటరీల ఆయనే, అప్పట్లో బీబీసీలో పెద్ద అధికారి. చాలా ఇళ్ళల్లో ఇంకా బ్లాక్ అండ్ వైట్ సెట్లే, అందుకే కామెంటేటర్ టెడ్ లోవ్ ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తున్నవాళ్ళ కోసం అంటూ గులాబీ బంతి ఆకుపచ్చ బంతి పక్కన ఉందని చెప్పాడు. పాపం ఆయన ఉద్దేశం మంచిదే.

అయినా డబ్బు వెంటనే రాలేదు. 1972లో ఉత్తర ఐర్లండ్ కుర్రాడు అలెక్స్ హిగిన్స్ మొదటి ప్రయత్నంలోనే, 22 ఏళ్ళకి స్పెన్సర్‌ని 37–32తో ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ఆ ఫైనల్ ఎక్కడ జరిగిందనుకున్నారు? బర్మింగ్‌హామ్‌లో మాజీ సైనికుల క్లబ్ ఒకదానిలో. జనం కూర్చోవడానికి బీరు పెట్టెల మీద బల్లలు పరిచారు. ఆ రోజుల్లో గని కార్మికుల సమ్మె, కరెంటు కోతలు కూడా. వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ అండీ బాబూ అది.

1977లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కి వచ్చాక కథ మారింది. మైక్ వాటర్సన్ అనే ప్రమోటర్ హాలు కోసం వెతుకుతుంటే ఆయన భార్య నాటకం చూసొచ్చి ఆ థియేటర్ చూడమంది. 980 సీట్లు, అంతే. మన సింగిల్ స్క్రీన్ థియేటర్ చాలావాటిలో ఇంతకంటే ఎక్కువ పడతాయి. స్టేజి మీద సరిగ్గా రెండు టేబుళ్ళు పడతాయి, మధ్యలో ఒక తెర గోడ. ఒక టేబుల్ దగ్గర ఎవరైనా కష్టమైన షాట్ వేస్తే అటు చప్పట్లు కొడతారు, ఇటు పక్కవాడు షాట్ మీదికి వంగినవాడు మళ్ళీ లేచి నిలబడాలి. సెమీఫైనల్స్‌కి ఆ గోడ తీసేసి ఒక్క టేబుల్ పెడతారు. ఆ మార్పు తట్టుకోవడమే కష్టం అని ఆడినవాళ్ళు చెప్తారు. ముందు వరస జనం ఆటగాడికి ఎంత దగ్గరంటే, వాడి కుర్చీ పక్కన మంచినీళ్ళ గ్లాసు మీద చెమట కూడా కనిపిస్తుంది.

ఇప్పటి పద్ధతి ఇది: 32 మంది, అందులో టాప్ 16 నేరుగా, మిగతా 16 మంది క్వాలిఫయింగ్ దాటి రావాలి. మొదటి రౌండ్లో 10 ఫ్రేములు ముందు గెలిచినవాడు పైకి. రెండో రౌండ్, క్వార్టర్స్‌లో 13, సెమీస్‌లో 17, ఫైనల్లో 18. మొత్తం 17 రోజులు. మిగతా టోర్నీల్లో 4 లేదా 5 ఫ్రేములు గెలిస్తే అయిపోయే మ్యాచ్‌లు బోలెడు, ఒక మంచి గంట దొరికితే ఎవడైనా ఎవణ్ణైనా లేపేయొచ్చు. ఇక్కడ కుదరదు. ఒక సెషన్ బాగా ఆడినవాణ్ణి ఇది నమ్మదు, రాత్రి పడుకుని పొద్దున లేచి మళ్ళీ అలాగే ఆడాలి. అందుకే ఈ ఒక్క టైటిల్‌కి అంత విలువ.

ఆ ఒత్తిడి ఏంటో చూడాలంటే 1985 ఫైనల్ చివరి ఫ్రేమ్ చూడాలి, యూట్యూబ్‌లో ఉంది. స్టీవ్ డేవిస్ (జోకి చుట్టం కాదు) అప్పటికి 3 సార్లు ఛాంపియన్, 8–0తో మొదలుపెట్టాడు. అవతల డెనిస్ టేలర్, తలకిందులు చేసి పెట్టుకున్నట్టుండే పెద్ద కళ్ళద్దాల ఆయన. మెల్లగా పాక్కుంటూ 17–17కి వచ్చాడు. చివరి ఫ్రేమ్‌లో డేవిస్ 62, టేలర్ 44. టేబుల్ మీద నాలుగే బంతులు: గోధుమ, నీలం, గులాబీ, నలుపు. మొత్తం 22 పాయింట్లు, టేలర్ వెనకబడింది 18. అంటే నాలుగూ వేయాలి, ఒక్కటి డేవిస్ వేసినా కథ ముగిసినట్టే. ఇంతకంటే వెనకబడి ఉంటే బంతులన్నీ వేసినా సరిపోదు, అప్పుడు అవతలివాణ్ణి స్నూకర్ చేసి ఫౌల్ పాయింట్లు రాబట్టాలి. ఇక్కడ ఆ అవసరం లేకుండా, సరిగ్గా అంచు మీద ఉన్నాడు. టేలర్ గోధుమ వేశాడు, దూరం నుంచి. నీలం వేశాడు. గులాబీ వేశాడు. 59–62. ఒక్క బ్లాక్ మిగిలింది.

అక్కడి నుంచి ఇద్దరి చేతులూ వణకడం మీకు కనిపిస్తుంది. టేలర్ కుషన్‌కి (టేబుల్ అంచుకి) కొట్టి మధ్య పాకెట్‌లో వేయబోయాడు, పడలేదు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తప్పారు. చివరికి డేవిస్‌కి ఒక సన్నటి కట్ (బంతిని పక్కగా తాకి వేసే షాట్) దొరికింది, పార్లర్‌లో నాలాంటివాడికి కష్టం గానీ అతనికి రోజూ వేసేదే. అతి సన్నగా తగిలి బంతి పాకెట్ పక్కకి పోయింది. టేలర్ లేచి వేసేశాడు, క్యూని రెండు చేతులతో తలపైకెత్తాడు. ఆ ఒక్క ఫ్రేమే 68 నిమిషాలు. అప్పటికి అర్ధరాత్రి దాటింది, బ్రిటన్లో 1 కోటి 85 లక్షల మంది మేలుకుని చూస్తున్నారు. ఇందులో నాకు ఎప్పటికీ వింతగా ఉండేది ఒకటుంది: రెండు రోజుల ఆ మ్యాచ్‌లో టేలర్ ఒక్కసారి కూడా ముందంజలో లేడు, ఆ ఆఖరి బంతి పడేదాకా.

తర్వాతి కాలం అందరికీ కొద్దో గొప్పో తెలిసిందే. స్టీవెన్ హెండ్రీ 1990 నుంచి 1999 మధ్య 7 గెలిచాడు. అతని కథ కంటే జిమ్మీ వైట్ కథ నాకు ఎక్కువ గుర్తుంటుంది: 6 ఫైనల్స్, ఆరూ ఓటమే, అందులో నాలుగు హెండ్రీ చేతిలో. 1992లో 14–8తో ముందుండి, వరసగా 10 ఫ్రేములు పోగొట్టుకున్నాడు. 1994లో తన పుట్టినరోజునాడు 17–17, గెలుపు చేతికందుతుండగా స్పాట్ (దాని మామూలు చోటు) మీదున్న బ్లాక్ మిస్ చేశాడు, మనం కూడా పదికి ఏడెనిమిది వేసేది. హెండ్రీ లేచి 58 కొట్టి ముగించాడు. ఇక రోనీ 1997లో అక్కడే 147ని 5 నిమిషాల చిల్లరలో కొట్టేశాడు, మేం ఆ టైమ్‌లో రెడ్స్ అమర్చడం కూడా పూర్తి చేయం. 2001లో మొదటి టైటిల్, 2022లో ఏడోది.

సరే, ఇప్పుడు మా వాడి ప్రశ్న. పంకజ్ 28 ఎక్కడివి?

షెఫీల్డ్‌వి కావు. స్నూకర్లో రెండు లోకాలున్నాయి. ఒకటి ప్రొఫెషనల్ టూర్, అందులో పెద్దది క్రూసిబుల్. రెండోది ఐబీఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య నడిపే పోటీలు, దేశాల తరఫున వెళ్ళి ఆడేవి, మామూలుగా అమెచ్యూర్ అంటారు. ఈ అమెచ్యూర్ స్నూకర్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొదలైంది కూడా మన కలకత్తాలోనే, 1963లో. ప్రొఫెషనల్స్‌కి అసలు పోటీయే లేని ఆ ఆరేళ్ళలో చివరి ఏడాది అన్నమాట! మన ఓం అగర్వాల్ 1984లో డబ్లిన్‌లో ఈ టైటిల్ గెలిచాడు. పంకజ్ 2003లో చైనాలో, 18 ఏళ్ళ వయసులో గెలిచాడు. తర్వాత 2015లో, 2017లో కూడా. ఆ 28లో చాలా భాగం మళ్ళీ బిలియర్డ్స్. అదే, వాల్టర్ లిండ్రమ్ 4137 కొట్టిన ఆట. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో గెలిచి, ఏ ఆటలోనైనా సరే, స్వతంత్ర భారతదేశానికి మొదటి వరల్డ్ ఛాంపియన్ అయింది కూడా అందులోనే. ఈ బిలియర్డ్స్‌లో టైమ్ పెట్టి ఆడేది ఒకటి, పాయింట్లు పెట్టి ఆడేది ఒకటి, దేనికది వరల్డ్ టైటిల్. ఒకే ఏడాది రెండూ గెలవొచ్చు, పంకజ్ 2005లో చేసింది అదే. ఇరవయ్యెనిమిదోది 2024లో దోహాలో వచ్చింది, అదీ బిలియర్డ్సే.

ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. రెండు ఆటలూ ఆ స్థాయిలో ఆడినవాళ్ళు ఈ తరంలో ఇంకెవరున్నారు? బిలియర్డ్స్‌లో మెత్తని తాకిడి కావాలి, స్నూకర్లో దూరం నుంచి నిక్కచ్చిగా వేయడం కావాలి, ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదానికి మొరాయిస్తుంది. పంకజ్ ప్రొఫెషనల్ టూర్‌కి కూడా వెళ్ళాడు, 2013లో వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా ఆడాడు. కానీ టూర్‌లో నిలవాలంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే బతకాలి. 2014లో టూర్ కార్డు (టూర్‌లో ఆడే అర్హత) వదిలేసి బెంగళూరు వచ్చేశాడు. కాబట్టి మా వాడికి చెప్పిన జవాబు ఇది: రోనీ 7 అంటే ఒకే టోర్నీ, ఒకే థియేటర్, 17 రోజుల పరీక్ష 7 సార్లు పాసవడం. పంకజ్ 28 అంటే రెండు ఆటల్లో, రకరకాల పద్ధతుల్లో, 20 ఏళ్ళకి పైగా పోగేసినవి. ఒకడి ఎకరాల్ని ఇంకొకడి ఎద్దులతో లెక్కేస్తే ఎలా?

ఆ పెద్ద టూర్ కొన్నాళ్ళు మన గుమ్మం దాకా కూడా వచ్చింది, చాలామందికి తెలియదు. ఇండియన్ ఓపెన్ అని ర్యాంకింగ్ టోర్నీ ఉండేది. 2013లో ఢిల్లీలో మన ఆదిత్య మెహతా ఫైనల్ దాకా వెళ్ళి డింగ్ జున్‌హుయ్ చేతిలో ఓడాడు. 2016లో హైదరాబాద్‌లో జరిగింది. స్కాట్లండ్ ఆటగాడు ఆంథోనీ మెక్‌గిల్ ఫైనల్లో 5–2తో కైరెన్ విల్సన్‌ని ఓడించాడు. ఆ ఓడిన విల్సనే 2024లో క్రూసిబుల్‌లో వరల్డ్ ఛాంపియన్. 2017లో విశాఖపట్నంలో పెట్టారు, నాలుగుసార్ల వరల్డ్ ఛాంపియన్ జాన్ హిగిన్స్ వచ్చి గెలిచాడు. నేను హైదరాబాద్‌లోనే ఉండి 2016ది చూడలేదు, అప్పుడు ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక ఆఖరిది, మా వాడి నోరు మూయించింది. 2025లో క్రూసిబుల్ ఎవరు గెలిచారు? చైనావాడు జావో షింటాంగ్. ఆ టైటిల్ గెలిచిన మొదటి ఆసియా ఆటగాడు. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో 20 నెలల నిషేధం అనుభవించి, టూర్ కార్డు కూడా లేకుండా అమెచ్యూర్‌గా క్వాలిఫయింగ్ ఆడి వచ్చాడు. సెమీస్‌లో రోనీని 17–7తో చితక్కొట్టి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ని 18–12తో ఓడించాడు. బహుమతి 5 లక్షల పౌండ్లు. జో డేవిస్ 6 పౌండ్ల 10 షిల్లింగులతో పాటు అందుకున్న ట్రోఫీ అదే, డబ్బు మాత్రం ఇంత అయింది.

ఈ జావో 18 ఏళ్ళప్పుడు, 2015లో ఈజిప్టులోని హుర్ఘాడాలో ఐబీఎస్ఎఫ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. 8–6తో ఓడిపోయాడు. ఓడించింది పంకజ్ అద్వానీ.

మా వాడు క్యూ ఆనించి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి పంకజ్ అక్కడే ఉండిపోయి ఉంటే?" అన్నాడు. ఏం చెప్తాం. టైమ్ అయిపోయిందని మార్కర్ వచ్చి లైటు ఆర్పేశాడు. కబుర్లలో పడి నేను చివరి రెండు ఫ్రేములూ పోగొట్టుకున్నాను, బిల్లు నా మీదే పడింది.